ఆటకొక వేళ

పసిపిల్లల బడిని తొలిసారిగా చూడబోయిన పెద్దలకు మొదట కానవచ్చునది అవ్యవస్థ. ఒక మూల నలుగురు పిల్లలు చెక్క దిమ్మలను పేర్చుచు, కూల్చుచు, మరల పేర్చుచుందురు. వేరొక మూల ఒక బాలిక కొబ్బరిచిప్పలో ఇసుక నింపి, పైన నాలుగు వేపాకులు చల్లి, అందరికిని పులిహోర వడ్డించుచుండును. కిటికీ దగ్గర ఒక పిల్లవాడు ఏ పనియు చేయక మిగిలినవారిని చూచుచు నిలుచుండును. ఈ సందడి నడుమ టీచరు చాపమీద కూర్చుండి, ఎవరికిని ఏమియు బోధింపక, ఒక నోటుపుస్తకములో ఏదియో వ్రాసికొనుచుండును. ‘ఇది బడియా, సంతయా’ అని ఆ పెద్దలు తలపోసినచో వారిని తప్పు పట్టలేము. కాని ఒక పూటయంతయు ఓపికతో అక్కడ ఉండగలిగినచో వారికి వేరొక సంగతి గోచరించును. ఆ సందడికి కాలమర్యాద కలదు. టీచరు ఒక పాట ఎత్తుకొనగనే, ఎవరును గద్దింపకయే, దిమ్మలు బుట్టలలో చేరును. పులిహోర ఇసుకతొట్టిలోనికి తిరిగిపోవును. పిల్లలు కుళాయి దగ్గరకు నడతురు. గోడమీద వారి కంటి యెత్తున అతికించిన బొమ్మల పట్టికలో ప్రార్థన, ముచ్చట్లు, స్వేచ్ఛగా ఆడుకొనుట, చిరుతిండి, ఆరుబయలు, కథ, భోజనము, నిద్ర అన్నియు వరుసగా ఉండును. అక్షరము రాని ఆ పిల్లలందరును దానిని తడుముకొనక చదువగలరు.

ఆటయనగా స్వేచ్ఛ యనియు, దినచర్యయనగా కట్టుబాటనియు, ఒకటి పెరిగినకొలది రెండవది తరుగుననియు మనము సాధారణముగా భావింతుము. శిశుమనస్తత్వమును గత నూరేండ్లుగా పరిశీలించినవారు కూడబెట్టిన సాక్ష్యమును ఒకచోట చేర్చి చూచినచో ఈ భావము నిలువదు. వేళ తప్పని దినచర్య ఉన్నచోటనే పసివాడు దిగులు లేక ఆటలో మునుగును. ఆటలో తనకు తాను విధించుకొన్న నియమమే పెద్దలు విధించు నియమమునకు వానిని సిద్ధపరచును. ఈ రెండింటిలో దేనిని తీసివేసినను రెండవది కుంటుపడును.

ఆటయే చదువునకు పునాది యను మాట నేటిది కాదు. జర్మనీలోని తురింగియా ప్రాంతమున బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్న ఊరిలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో పసిపిల్లల ఆటపాటలకై ఒక సంస్థను నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని నామకరణము చేసెను. మెత్తని ఉన్నిబంతులు, చెక్క గోళము, స్తంభము, ఘనము, ఒక పెద్ద ఘనమును కోసి చేసిన ఎనిమిది చిన్న ఘనములు మొదలగునవి ఆయన పిల్లల చేతికిచ్చిన ‘కానుకలు’. ఈ బడులు నాస్తికత్వమునకును సామ్యవాదమునకును దారితీయునని శంకించి ప్రష్యా ప్రభుత్వము 1851లో వానిని నిషేధించెను. మరుసటి యేడు ఫ్రోబెల్ మరణించెను. నిషేధము 1860 దాక తొలగలేదు. ఉన్నిబంతులతో ఆడుకొను నాలుగేండ్ల పిల్లలను చూచి ఒక రాజ్యము జంకుట చరిత్రలో అరుదైన ఘట్టమే.

ఇటలీలో వైద్యురాలైన మరియా మాంటిసోరి 1907 జనవరి 6వ తేదీన రోమునగరపు సాన్ లొరెంజో పేటలో, కూలినాలి చేసికొను కుటుంబముల పిల్లలకై తన తొలి ‘బాలల ఇల్లు’ తెరచెను. విచిత్రమేమనగా ఆమెకు కల్పనాక్రీడయందు అంత మక్కువ లేదు. ఇసుకను పులిహోర యని వడ్డించుటకన్న నిజమైన నీటిని నిజమైన కూజానుండి ఒలకకుండ గ్లాసులో పోయుట బిడ్డకు ఎక్కువ తృప్తి నిచ్చునని ఆమె నమ్మకము. పిల్లలు చేయుదానిని ఆమె ఆట యనక పని యనెడిది. ఆమె 1939లో దివ్యజ్ఞానసమాజము వారి ఆహ్వానముపై మదరాసు అడయారునకు వచ్చి, అంతలో ఇటలీ యుద్ధములో దిగగా, ఆ దేశపు పౌరురాలగుటచే ఆంక్షలకు లోనై, కొంతకాలము కొడైకెనాలులో గడపి, 1946 వరకు ఈ దేశముననే నిలిచిపోయి వందలాది ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. తెలుగునాట ఆమె పేరు బోర్డుమీద కట్టని పట్టణము నేడు కానరాదు. ఆ బోర్డుల వెనుకనున్న గదులలో ఆమె పద్ధతి ఎంత కలదన్నది వేరు ప్రశ్న. అంతకుముందే, 1920లో, న్యాయవాదవృత్తిని వదలుకొన్న గిజుభాయి బధేకా గుజరాతులోని భావనగరమున బాలమందిరమును స్థాపించి, ఆటలు, కథలు, తోటపని ప్రాణముగా దానిని నడపెను. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ ఆ బాటనే మహారాష్ట్రలోని పల్లెలకు తీసికొనిపోయెను. 1945లో బొర్డి గ్రామమునను, తరువాత కోస్బాడులోని వార్లీ గిరిజనుల నడుమను, ఆమెయు శిష్యురాలు అనుతాయి వాఘ్‌ను చేసినదేమనగా, బడికి రాని పిల్లలకొఱకు బడినే వారి యింటి ముంగిటికి నడిపించి, ఖరీదైన సామగ్రికి మారుగా గింజలు, గులకరాళ్ళు, ఆకులు, పుల్లలు వాడి చూపుట. 1975 అక్టోబరు 2న దేశమున ప్రారంభమైన శిశు అభివృద్ధి పథకపు కేంద్రములు తారాబాయి వాడిన అంగన్‌వాడీ అను పేరునే స్వీకరించినవి.

చరిత్రను అంతటితో విడిచి, దిమ్మల మూలను దగ్గరగా చూతము. నేడు పసిబడులలో విరివిగా వాడు చెక్క దిమ్మల కొలతలు న్యూయార్కులో కరొలిన్ ప్రాట్ అను ఉపాధ్యాయిని నిర్ణయించినవి. ఆమె మూలదిమ్మ పొడవు 5½ అంగుళములు, వెడల్పు 2¾, మందము 1⅜; అనగా మందమునకు రెండింతలు వెడల్పు, వెడల్పునకు రెండింతలు పొడవు. మిగిలిన దిమ్మలన్నియు దీని సగములు, రెట్టింపులు, నాలుగింతలు. నాలుగేండ్ల బాలుడు గోడ కట్టుచు పొడవాటి దిమ్మ దొరకక రెండు పొట్టి దిమ్మలను ఆ సందులో ఇమిడ్చినపుడు, రెండు సగములు ఒక పూర్ణమని వానికి ఎవరును చెప్పలేదు, వాడును నోట చెప్పలేడు, కాని వాని చేతికి తెలిసినది. ఈ కొలత తప్పినచో దిమ్మలకు విలువ లేదు. అందుచే ఊరి వడ్రంగి వేపచెక్కతో ఖచ్చితముగా కోసి, ఉప్పుకాగితముతో అంచులు రుద్ది ఇచ్చినవి, బజారున దొరకు రంగురంగుల ప్లాస్టిక్కు ముక్కలకన్న వేయిరెట్లు మేలు.

ప్రాట్ సమకాలికురాలైన హారియట్ జాన్సన్ అదే నగరములోని నర్సరీలో పిల్లల కట్టడములను ఏండ్ల తరబడి గమనించి, 1933లో వెలువరించిన చిన్న గ్రంథములో వాని క్రమమును వివరించెను. మొదట బిడ్డ దిమ్మలను కట్టడు, మోయును; ఒకచోటినుండి మరొకచోటికి చేరవేయుటయే వాని యానందము. పిమ్మట వరుసలు, దొంతరలు. ఆ తరువాత వచ్చునది వంతెన, చూచువారి ఓపికను పరీక్షించు దశ ఇదియే. రెండు దిమ్మలను నిలిపి మూడవదానిని వాని నెత్తిన పరుండబెట్టవలెను. మూడేండ్ల పిల్లవాడు రెండింటిని దూరదూరముగా నిలుపును. పైదిమ్మ అందక నడుమ పడిపోవును. వాడు పైదిమ్మను మార్చును, మరల పడును. రెండు చేతులతో అదిమిపట్టి చూచును, మరల పడును. కోపముతో అన్నింటిని తన్ని పోవును. మరునాడు అదే వేళకు, అదే మూలకు వచ్చి, అదే పని మొదలుపెట్టును. ఏదో ఒక దినమున నిలువుదిమ్మలలో ఒకదానిని కొంచెము లోపలికి జరుపును. పైదిమ్మ నిలిచిన క్షణమున వాడు టీచరు వైపు చూచు చూపునకు ఏ ప్రగతిపత్రములోను గడి లేదు. ఆ తరువాత నాలుగు వైపుల మూసిన ఆవరణలు, ఎడమకు కుడి సరిపోలు అలంకారములు, చివరకు ‘ఇది మా యిల్లు, ఇది రైలుస్టేషను’ అని పేరు పెట్టి కట్టుటలు వచ్చును. ‘మరునాడు అదే వేళకు’ అన్న మాటను పాఠకులు గమనింపవలెను. దిమ్మల వేళ ఒకనాడు ఉండి రెండు దినములు లేనిచోట వంతెన కట్టుట చాల ఆలస్యమగును.

పిల్లవాడు ఆ చిక్కును ఏల పట్టి విడువడు? ఈ ప్రశ్నను లారా షుల్జ్, ఎలిజబెత్ బోనావిట్జ్ అను అమెరికా పరిశోధకులు 2007లో ప్రకటించిన ఒక ప్రయోగముతో చక్కగా తేల్చిరి. ఒక పెట్టెకు రెండు మీటలు. నొక్కినచో రెండు బొమ్మలు పైకి లేచును. కొందరు పిల్లలకు ఒక్కొక్క మీటను విడివిడిగా నొక్కి ఏది దేనిని లేపునో స్పష్టముగా చూపిరి. మఱికొందరికి రెండు మీటలను ఎల్లపుడును ఒకేసారి నొక్కి చూపిరి. కావున ఏ మీట ఏ బొమ్మదో వారికి అంతుపట్టలేదు. పిమ్మట అందరి ముందును ఆ పాత పెట్టెతోపాటు క్రొత్త పెట్టెను ఉంచి విడిచిరి. సంగతి తెలిసిన పిల్లలు సహజముగా క్రొత్తదానికి ఎగబడిరి. తెలియనివారు క్రొత్తదానిని ప్రక్కన పెట్టి పాతదానితోనే ఆడిరి. పసివాని ఆట యాదృచ్ఛికమని మనము అనుకొందుము. సందేహము ఎక్కడ మిగిలి ఉన్నదో అక్కడికే అది పోవుచున్నది.

బోనావిట్జ్ బృందము 2011లో ప్రకటించిన రెండవ ప్రయోగము ఉపాధ్యాయులకు కొంత చేదు. ఒక విచిత్రమైన ఆటవస్తువులో నాలుగు రహస్యములు కలవు: ఒక గొట్టము లాగినచో కీచుమనును, ఒకచోట దీపము వెలుగును, ఒకచోట సంగీతస్వరము పలుకును, ఒకచోట అద్దములో ముఖము తలక్రిందుగా కనబడును. కొందరు పిల్లలకు పరిశోధకురాలు ‘ఇది ఎట్లు పనిచేయునో చూడుడు’ అని చెప్పి కీచుధ్వనిని మాత్రము చేసి చూపెను. మఱికొందరియెదుట అదే ధ్వని పొరపాటున వచ్చినట్లు నటించెను. పాఠము విన్న పిల్లలు ఆ గొట్టమునే లాగుచు తొందరగా ఆట చాలించిరి. పాఠము విననివారు ఎక్కువసేపు ఆడి ఎక్కువ రహస్యములు కనుగొనిరి. ఇందులో పిల్లల తెలివితక్కువ ఏమియు లేదు. తెలిసిన పెద్దమనిషి ఒక్కటే చూపినదనగా ఉన్నది ఒక్కటేయని వారు న్యాయముగానే ఊహించిరి.

ఇంతమాత్రముచే టీచరు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనని కాదు. 2013లో కెల్లీ ఫిషర్, ఆమె సహచరులు నాలుగైదేండ్ల పిల్లలకు త్రిభుజము, దీర్ఘచతురస్రము మొదలగు ఆకృతులను మూడు విధముల నేర్పి చూచిరి. ఊరక ఆడుకొనుడని వస్తువులిచ్చి విడిచినవారు ఆకృతుల లక్షణములను తక్కువగా గ్రహించిరి. ఎదుట కూర్చుండబెట్టి వివరింపబడినవారు కొంత నేర్చిరి గాని, బక్కపలచగా, వాలుగా ఉన్న త్రిభుజమును చూచి అది త్రిభుజము కాదనిరి. పెద్దలు ప్రక్కన కూర్చుండి, ‘వీటన్నిటిలోను రహస్యమేమిటో కనిపెడదామా’ అని ఆటగా ప్రశ్నించుచు నడపినవారే తలక్రిందుగా నున్నను, వాలియున్నను త్రిభుజమును గుర్తుపట్టిరి. కావున చాపమీద కూర్చున్న ఆ టీచరు ఊరక కూర్చున్నది కాదు. ఏ బిడ్డ ఏ చిక్కు దగ్గర ఆగియున్నదో వ్రాసికొనుచున్నది; వంతెన పడిపోవుచున్న పిల్లవాని దగ్గరకు పోయి ‘దగ్గరగా జరుపు’ అనక, ‘పైనది ఎందుకు పడుతోందో చూశావా?’ అని మాత్రము అనవలసిన సమయము కొఱకు కాచుకొని యున్నది. నర్సరీ పనిలో అన్నింటికన్న కష్టమైనది ఈ కాచుకొనుటయే యని నా యభిప్రాయము. పర్యవేక్షణకు వచ్చు అధికారులకు కానరానిదియు ఇదియే.

ఇక పులిహోర వైపు పోవుదము. మన అమ్మమ్మలు గుజ్జనగూళ్ళు వండిన నాటినుండి వస్తుమార్పులే గాని ఈ ఆటకు మార్పు లేదు; నేడు దానికి డాక్టరాట, బస్సాట తోడైనవి. నాలుగు కుర్చీలు వరుసగా వేసినచో బస్సు. అయిదేండ్ల కండక్టరు అట్టముక్కపై టికెట్లు కొట్టుచుండును.

‘‘నేను దిగిపోతా.’’

‘‘ఇంకా స్టాపు రాలేదు. బస్సు ఆగకుండా దిగకూడదు.’’

‘‘నాకు ఆకలేస్తోంది.’’

‘‘అయితే నువ్వు డ్రైవరువి కాదు. డ్రైవరు మధ్యలో లేవడు!’’

లేవబోయిన డ్రైవరు మరల కూర్చుండును. ముచ్చట్ల వేళ రెండు నిమిషములు కదలక కూర్చుండలేడని తల్లికి ఫిర్యాదు పోయినవాడు వీడే. సోవియట్ మనస్తత్వవేత్త లేవ్ విగోత్‌స్కీ 1930ల తొలినాళ్ళలో ఈ విషయముననే ఉపన్యసించి, కల్పనాక్రీడలో బిడ్డకు కనబడు స్వేచ్ఛ పైపైదనియు, పాత్రను ధరించినవాడు ఆ పాత్రయొక్క నియమములకు తన క్షణికమైన కోరికను లొంగదీయుననియు, అందుచే ఆటలో బిడ్డ తన వయసును మించి ప్రవర్తించుననియు వాదించెను. దీనిని జినైదా మనుయిలెంకో అను పరిశోధకురాలు కొలిచి చూపి 1948లో ప్రకటించెను. పిల్లలను ఊరక ‘కదలక నిలుచుండుడు’ అని చెప్పినపుడును, ‘నీవు కావలి సిపాయివి’ అని పాత్రనిచ్చి నిలిపినపుడును ఎంతసేపు నిలువగలరో లెక్కించినచో, నాలుగైదేండ్లవారు సిపాయిలైనపుడు ఎన్నో రెట్లు ఎక్కువసేపు నిలిచిరి. మూడేండ్లవారికి ఈ భేదము స్వల్పము. ఏడేండ్లవారికి పాత్ర లేకయే ఆ శక్తి వచ్చియున్నది. ఇటీవలి దశాబ్దములలో ఈ ప్రయోగమునే రష్యాలో మరల చేసినపుడు ఫలితము ఇంత స్ఫుటముగా రాలేదు. పిల్లలు కూడి ఆడు దీర్ఘమైన కల్పనాక్రీడలు తగ్గుటయే కారణమని అక్కడి పరిశోధకులు భావించిరి. మన వీధులలో దాగుడుమూతలు, స్తంభములాట, స్టాచ్యూ ఆడు గుంపులు ఎంత పలచబడినవో ఎఱిగినవారికి ఆ యూహ అసంగతముగా తోపదు.

కిటికీ దగ్గర ఊరక నిలిచిన బాలుని మరచితిమి. అమెరికాలో మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో ప్రకటించిన వర్గీకరణలో అట్టివానికి కూడ స్థానము కలదు: చూచుట, ఒంటరిగా ఆడుట, ఒకరి ప్రక్కన ఒకరు ఎవరి ఆట వారాడుట, ఇచ్చిపుచ్చుకొనుచు ఆడుట, ఒక లక్ష్యమునకై కూడి ఆడుట. చూచుటయు ఆటలోని భాగమే. వానిని చేయి పట్టి లాగవలసిన పని లేదు.

లెక్కల మాట వచ్చినచో మన యింట పాతబడిన ఒక పటమే చాలును. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రకటించిన పరిశీలనలో పేదకుటుంబముల నాలుగైదేండ్ల పిల్లలచేత 1నుండి 10వరకు అంకెలు వరుసగా వేసిన ఒక పటముపై, రెండు వారములలో నాలుగుసారులు, ఒక్కొక్కసారి పావుగంటసేపు ఆడించిరి. అంకెలకు మారుగా రంగులున్న పటముపై ఆడినవారిలో మార్పు లేదు. అంకెల పటముపై ఆడినవారు ఏ సంఖ్య ఏ సంఖ్యకు ఎంత దూరమో అంచనా వేయుటలో సంపన్నకుటుంబముల పిల్లలతో సమానులైరి. ఇందులో ఒక కిటుకు కలదు. కాయ 4వ గడిలో ఉండి రెండు పడినచో ‘ఒకటి, రెండు’ అని కాక ‘అయిదు, ఆరు’ అని లెక్కించుచు జరుపవలెను. మన వైకుంఠపాళిని తొలి పది గడుల పటముగా కుదించి, ఈ ఒక్క నియమము చేర్చి ఆడించినచో ప్రత్యేకముగా కొనవలసిన సామగ్రి ఏదియు లేదు. పాములను తరువాత విడువవచ్చును.

ఇంతవరకు ఆట సంగతి; ఇక ఆ ఆటకు చోటు కల్పించు వేళల సంగతి చెప్పవలసి యున్నది. పసివానికి గడియారము లేదు. పది గంటలు, అరగంట యను మాటలు వానికి శబ్దములే. కార్తెలనుబట్టి రైతు విత్తుటయు నాటుటయు తెలిసికొనునట్లు, వాడు ఒకదాని వెనుక ఒకటిగా వచ్చు పనులనుబట్టి ప్రొద్దును తెలిసికొనును. క్యాథరిన్ నెల్సన్ అను అమెరికా మనస్తత్వవేత్త 1970లలో మూడేండ్ల పిల్లలను ‘బడిలో భోజనము వేళ ఏమి జరుగును’ వంటి ప్రశ్నలడిగి, వారి సమాధానములలో రెండు విశేషములు గుర్తించెను. ఒకటి, వరుస తప్పలేదు. రెండు, వారు నిన్న జరిగినదానిని చెప్పక ఎల్లపుడును జరుగుదానిని చెప్పిరి: చేతులు కడుక్కుంటాం, కంచాలు పెడతారు, తింటాం, పడుకుంటాం. అంత చిన్న వయసుననే ఆ పూటకు ఒక స్థిరరూపము మనసులో ఏర్పడియున్నది. రాబిన్ ఫివుష్ 1984లో ప్రకటించిన పరిశీలనలో కిండర్‌గార్టెన్‌లో చేరిన పిల్లలు రెండవ దినముననే బడి క్రమమును ఇట్లు సాధారణీకరించి చెప్పిరి. తొలి వారము గుమ్మముకడ తల్లిని పట్టుకొని ఏడ్చు బిడ్డకు ‘అమ్మ సాయంకాలము వచ్చును’ అనుట వ్యర్థము. సాయంకాలమనగా ఎపుడో వానికి తెలియదు. ‘అన్నం తిని, పడుకుని, లేచి పాలు తాగాక అమ్మ వస్తుంది’ అనుటలో అర్థము కలదు; అయితే ఆ వరుస దినదినమును నిజము కావలెను.

ఈ ‘నిజము కావలెను’ అను దానికి ఎంత బరువు కలదో తెలిపిన ప్రయోగమొకటి కలదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు బింగ్ నర్సరీలో వాల్టర్ మిషెల్ 1960ల చివర మొదలుపెట్టిన మిఠాయి పరీక్ష లోకప్రసిద్ధము: ఒక మిఠాయిని ఎదుట ఉంచి, తినక ఆగినచో రెండిత్తుమని చెప్పి, బిడ్డ ఎంతసేపు ఆగునో చూచుట. ఆగినవారు పెరిగి పెద్దవారై చదువులో రాణించిరన్న వార్త తల్లిదండ్రులను చాలకాలము భయపెట్టినది. 2018లో మునుపటికంటె చాల ఎక్కువమంది పిల్లల వివరములు తీసికొని, వారి కుటుంబపరిస్థితులను కూడ లెక్కకు తెచ్చినపుడు ఆ సంబంధము మిక్కిలి బలహీనపడినది. నాకు అంతకన్న ముఖ్యముగా తోచునది రాచెస్టర్ విశ్వవిద్యాలయమున సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు 28 మంది పిల్లలతో చేసి 2013లో ముద్రించిన చిన్న పరిశీలన. మిఠాయికి ముందు ప్రతి బిడ్డకును బొమ్మ వేయుటకు మంచి రంగులు తెచ్చి ఇత్తుమని పెద్దలు మాట ఇచ్చిరి. సగముమందికి తెచ్చి ఇచ్చిరి, సగముమందికి ‘లేవు, క్షమించు’ అనిరి. ఎవరియెడల మాట నిలిచెనో ఆ పిల్లలు సగటున 12 నిమిషములు మిఠాయి ముట్టలేదు. ఎవరియెడల మాట తప్పెనో వారు 3 నిమిషములే ఆగిరి. సహనము బిడ్డ గుణము మాత్రమే కాదు. ఎదుటి పెద్దమనిషి గుణము కూడ. ‘రేపు రంగులు వేయుదము’ అని చెప్పి రేపు వార్షికోత్సవపు నాట్యము అభ్యాసము చేయించు బడిలో పిల్లలు తోసికొని పెనుగులాడినచో ఆశ్చర్యమేమి?

దినచర్యలో చిక్కంతయు సందులలోనే. ఆటనుండి చిరుతిండికి, చిరుతిండినుండి కథకు మారు ఆ కొన్ని నిమిషములలోనే ఏడ్పులు, కొరుకుడులు, త్రోపులాటలు జరుగును. ఇరువదియైదుగురిని ఒక్క కుళాయి ముందు వరుసగా నిలువబెట్టుట క్రమశిక్షణ యనిపించుకొనదు. అది పనిలేని నిరీక్షణ. అయిదుగురిని కడుగుకొనుటకు పంపి, మిగిలినవారిచేత వ్రేళ్ళాట ఆడించు అనుభవశాలియైన ఆయమ్మ, మనస్తత్వశాస్త్రము చదువకయే దాని సారమును ఎఱిగినది. ‘ఇంకా అయిదు నిమిషాలే’ అను హెచ్చరిక పెద్దలకు. పిల్లలకు రోజును పాడు సర్దుకొను పాటయే గంట.

మధ్యాహ్నపు నిద్రను ఎల్‌కేజీలో రైములకై కోసివేయు బడులు పెక్కు కలవు. మూడు మొదలు అయిదేండ్ల బిడ్డకు పగటినిద్రతో కలిపి దినమునకు 10 నుండి 13 గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుచున్నారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున లారా కుర్ద్‌జీల్, రెబెక్కా స్పెన్సర్ మొదలగువారు 2013లో ప్రకటించిన పరిశీలనలో 40 మంది పసిపిల్లలు ఉదయమున ఏ బొమ్మ ఏ గడిలో కలదో గుర్తుంచుకొను ఆట ఆడిరి. మధ్యాహ్నము నిద్రించిన దినమున ఆ స్థానములు బాగుగా జ్ఞప్తియందుండెను. మేలుకొన్న దినమున కొన్ని జారిపోయెను. రాత్రి నిద్రపోయి మరునాడు వచ్చినను ఆ నష్టము పూడలేదు. పగలు నిద్రించు అలవాటున్న పిల్లలలో ఈ భేదము మిక్కిలి. ఉదయము ఆడిన ఆటను మెదడు భద్రపరచుకొను వేళను తీసివేసి, ఆ వేళకు క్రొత్త పాఠము నింపుట లాభసాటి బేరము కాదు.

‘ఆరు నెలలయినది, ఇంకను అ ఆలు దిద్దలేదు’ అని గుమ్మముకడ నిలిచి అడుగు తండ్రికి టీచరు ఏమని చెప్పవలెను? మణికట్టులోని ఎనిమిది చిన్న యెముకలును పుట్టినపుడు మృదులాస్థులే. మూడేండ్లనాటికి వానిలో రెండు మూడు మాత్రమే ఎముకలుగా గట్టిపడును. కడపటిది ఎనిమిదేండ్లు దాటిన పిమ్మట గాని గట్టిపడుట మొదలుపెట్టదు. బలపమును పిడికిలితో పట్టు చేయి మూడు వ్రేళ్ళతో పట్టు చేయిగా మారుటకు మట్టి పిసుకుట, పూసలు గుచ్చుట, బఠాణీలు ఒలుచుట, తడిగుడ్డ పిండుట మున్నగునవే వ్యాయామములు. అక్షరము వ్రాయుట అనవసరమని కాదు. కారిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ 2012లో ప్రకటించిన పరిశీలనలో, చదువను నేరని అయిదేండ్ల పిల్లలు అక్షరమును తమ చేత స్వయముగా, వంకరటింకరగా, వ్రాసినపుడు చదువునకు తోడ్పడు మెదడుభాగములు పిదప ఆ యక్షరమును చూడగనే చురుకుగా స్పందించినవి. అచ్చువేసిన చుక్కలపై దిద్దినపుడును, మీటలు నొక్కినపుడును అట్లు స్పందింపలేదు. పేజీలకొలది చుక్కల గీతలపై దిద్దించు అభ్యాసపుస్తకములు తండ్రికి తృప్తి నిచ్చినంత బిడ్డకు మేలు చేయవని ఇందువలన తోచుచున్నది. ఇసుకలో వ్రేలితో ఇష్టము వచ్చినట్లు గీయుట, అక్షరాభ్యాసమునాడు పళ్ళెములోని బియ్యములో వ్రాయించుట, ఈ దృష్టితో చూచినచో తీసిపోయినవి కావు. 2020నాటి జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వయసును ఒకే పునాదిదశగా పరిగణించి దానికి ఆటనే మార్గముగా నిర్దేశించినది. అయినను గుమ్మముకడ ప్రశ్న మాత్రము మారలేదు.

ఇంటికి తీసికొనిపోవుచు త్రోవలో వేయు ప్రశ్న ఒకటి కలదు: ‘‘ఇవాళ బడిలో ఏం చేశావు?’’ దీనికి ‘‘ఏం లేదు’’ అనియో, ‘‘ఆడుకున్నా’’ అనియో సమాధానము వచ్చును. బడిలో ఏమియు జరుగుటలేదని తల్లి దిగులుపడును. నెల్సన్, ఫివుష్ పరిశీలనలే ఇందుకు కారణము చూపుచున్నవి. దినదినమును ఒకే వరుసలో జరుగు పనులు ఆ స్థిరరూపములో కలిసిపోవును. ఏ ఒక్క దినమును వేరుపరచి చెప్పుట పసివానికి సాధ్యము కాదు. భిన్నముగా జరిగినదే విడిగా నిలుచును. నెల్సన్, ఫివుష్ ఇద్దరును జుడిత్ హడ్సన్‌తో కలిసి, న్యూయార్కులో ఒక కిండర్‌గార్టెన్ తరగతిని వస్తుప్రదర్శనశాలకు తీసికొనిపోయిన దినమును గూర్చి ఆ పిల్లలను ప్రశ్నించిరి. ‘బడిలో ఏమి జరుగును’ అన్నపుడు క్లుప్తముగా పలికిన పిల్లలు, ఆనాటి సంగతి అడుగగా, ఇసుకపెట్టెలో త్రవ్వి పాతకాలపు వస్తువులు వెలికి తీసిన వైనమును, మట్టితో బొమ్మ చేసిన వైనమును చెప్పిరి. ఏడాది గడచిన పిమ్మటను మరువలేదు. ఆరేండ్ల తరువాత అడిగినపుడు తమంత తాము చెప్పగలిగినవారు లేనట్లే. కాని ఆనాటి ఛాయాచిత్రములు చేతికిచ్చి చూపగా, ఆ యిసుక, ఆ త్రవ్వుట, దొరికిన వస్తువులు వారిలో పలువురి నోట మరల వెడలినవి.